విశాఖకు విమానమా, రైలా, బస్సా, కారా? ప్రయాణాల కర్బన లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

వాహనాలు ఎంత ఇంధనం తాగుతున్నాయో, దానివల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోందో లెక్కగట్టడం నా వృత్తి. ఏ వాహనం పర్యావరణానికి మంచిదని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. అందులో ఎంతమంది కూర్చున్నారో, తిరుగు ప్రయాణంలో అది నిండుగా వస్తోందో ఖాళీగా వస్తోందో తెలియకుండా చెప్పే జవాబు సగం జవాబే అవుతుంది. అందుకే ఇక్కడ హైదరాబాద్ - విశాఖపట్నం ప్రయాణాన్నే తీసుకుని, ఒక మనిషి వాటాకు ఎంత వస్తుందో చూద్దాం. ఈ దూరం రోడ్డు మీద సుమారు 620 కిలోమీటర్లు, రైలు మార్గంలో సుమారు 700, విమానానికి దాదాపు 500. కిలోమీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే పట్టికలు ఈ తేడాను మింగేస్తాయి కాబట్టి, మొత్తం ప్రయాణానికి లెక్క వేయడమే సరైన పద్ధతి.

లెక్కకు కావలసిన అంకెలు నాలుగే. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోలు, లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన దేశపు గ్రిడ్‌లో, అంటే అన్ని విద్యుత్ కేంద్రాలనూ కలిపే సరఫరా వ్యవస్థలో, ఒక యూనిట్ విద్యుత్తు వెనుక 0.7 కిలోలకు కాస్త ఎక్కువ ఉంటుంది. ముప్పావు కిలో తూగే పెట్రోలు నుంచి 2.3 కిలోల వాయువు ఎలా వస్తుందని చాలామంది సందేహిస్తారు. పెట్రోలులోని కర్బనంతో గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి ఆ బరువు పెరుగుతుంది. ముడి చమురు తవ్వకం, శుద్ధి, బొగ్గు తరలింపు వంటివాటి భారం ఈ అంకెలలో లేదు.

అపోహ: విమానమే అన్నిటికంటే చెడ్డది, దానికంటే కారు ఎప్పుడూ మేలు.

వాస్తవం: కారులో ఎవరెవరున్నారన్న దాన్నిబట్టి ఇది మారిపోతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు విశాఖ చేరేసరికి 41 లీటర్లు తాగి, 95 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నలుగురు వెళితే మనిషికి 24 కిలోలు పడుతుంది, ఒక్కరే వెళితే 95 కిలోలూ ఆ ఒక్కరివే. 180 సీట్ల ఎయిర్‌బస్ ఏ320 ఈ దూరానికి రెండున్నర టన్నులకు కాస్త అటూ ఇటూగా ఇంధనం కాలుస్తుంది. ఆరింట అయిదు వంతుల సీట్లు నిండాయనుకుంటే ప్రయాణికుడి వాటా 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే కారులో ఒంటరిగా వెళ్లే మనిషి, విమానంలో వెళ్లే మనిషికంటే దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతున్నాడు.

అలాగని విమానానికి మంచి మార్కులు వేయకూడదు. ఎత్తున, చల్లని తేమ గాలిలో విమానం వెనుక ఏర్పడే తెల్లటి మేఘపు చారలు భూమి నుంచి పైకి పోయే వేడిని ఆపుతాయి. పగటిపూట అవి కొంత ఎండను కూడా వెనక్కి పంపుతాయి గానీ, రాత్రిపూట ఆ ఊరట ఉండదు. ఈ చారలు, నైట్రోజన్ ఆక్సైడ్ల ప్రభావం కూడా కలిపితే విమానం వల్ల కలిగే వేడి, కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాన్నే లెక్కించినప్పటికంటే చాలా ఎక్కువ. పైగా విశాఖ వంటి తక్కువ దూరాలలో, పైకి ఎక్కడానికి ఖర్చయ్యే ఇంధనాన్ని పంచుకునే కిలోమీటర్లు తక్కువ కావడం వల్ల కిలోమీటరు లెక్కన విమానం ఇంకా భారమవుతుంది.

అపోహ: రైళ్లన్నీ కరెంటుతో నడుస్తున్నాయి కాబట్టి రైలు ప్రయాణానికి కాలుష్యమే లేదు.

వాస్తవం: పొగ ఇంజను దగ్గర కనబడకపోవచ్చు గానీ, అది రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల గొట్టాల దగ్గర కనబడుతుంది. ఇంజనుతో కలిపి పన్నెండు వందల టన్నుల పైచిలుకు తూగే ఎక్స్‌ప్రెస్ రైలు కిలోమీటరుకు సుమారు 24 యూనిట్లు వాడుతుందనుకుంటే, 700 కిలోమీటర్లకు 12 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దాన్ని పన్నెండు వందల మంది పంచుకుంటారు కాబట్టి మనిషికి 10 కిలోలే పడుతుంది.

అయితే ఆ పంపకం అందరికీ సమానం కాదు. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త తరహా పెట్టెలున్న రైలులో స్లీపర్ పెట్టెకు 80 బెర్తులు, థర్డ్ ఏసీకి 72 ఉంటే, ఫస్ట్ ఏసీకి 24 మాత్రమే ఉంటాయి. పెట్టె బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు కాబట్టి, ఫస్ట్ ఏసీ ప్రయాణికుడు థర్డ్ ఏసీ ప్రయాణికుడికంటే మూడు రెట్ల వాటా మోయాలి. 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి నాడు, సికింద్రాబాద్ - విశాఖ మధ్య మొదలైన వందే భారత్‌లో మొదట ఉన్న 16 పెట్టెలకు 1,128 సీట్లు ఉండేవి. ఏసీ ఉన్నా, వేగం ఎక్కువైనా, సీట్ల సంఖ్య దాన్ని కాపాడుతుంది. బ్రేకు వేసినప్పుడు పుట్టే విద్యుత్తును అది తిరిగి తీగలోకి పంపగలదు కూడా.

అపోహ: బస్సు నల్లటి పొగ కక్కుతుంది, కాబట్టి సొంత వాహనమే నయం.

వాస్తవం: నలుపు సరిగా కాలని కర్బన రేణువులది. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు. రేణువులు ఊపిరితిత్తులకు, అప్పటికప్పుడు, ఆ వీధిలోనే హాని చేస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన, వాహనాల పొగకు పరిమితులు పెట్టే బీఎస్-6 నిబంధనల వల్ల కొత్త బస్సులలో ఈ రేణువులను పట్టే వడపోత వచ్చింది, పాత బస్సులలో లేదు. వాతావరణ మార్పు లెక్క వేరు, దాన్ని పొగ రంగు చూసి తేల్చలేం.

ఆర్టీసీ డిపోలలో రోజూ జరిగే పని ఒకటుంది. బస్సు తిరిగొచ్చాక ట్యాంకు నింపి, తిరిగిన కిలోమీటర్లను పోసిన డీజిల్‌తో భాగించి, ఏ డ్రైవరుకు ఎంత కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) వచ్చిందో రాస్తారు. నా లెక్కలన్నిటికీ మొదలు ఆ రిజిస్టరే. సూపర్ లగ్జరీ బస్సుకు 5 కేఎంపీఎల్ వస్తే, విశాఖకు 124 లీటర్లు, అంటే 335 కిలోల కార్బన్ డయాక్సైడ్. 36 సీట్లలో 30 నిండితే మనిషికి 11 కిలోలు. చాలామంది నమ్మరు గానీ, ఈనాటి గ్రిడ్‌తో చూస్తే ఏసీ లేని బస్సు, రైలు దాదాపు సమానమే. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ రైలు వాటా తగ్గుతూ పోతుంది, డీజిల్ బస్సుది తగ్గదు. లీటరుకు మూడున్నర కిలోమీటర్లే ఇచ్చే ఏసీ స్లీపర్ బస్సులో మనిషి వాటా 16 నుంచి 19 కిలోల దాకా పోతుంది.

సంక్రాంతి ప్రత్యేక బస్సుల సంగతి ఇంకా ఆసక్తికరం. పండుగ ముందు అవి నిండుగా వెళ్లి, దాదాపు ఖాళీగా తిరిగొస్తాయి. ఆ ఖాళీ ప్రయాణపు డీజిల్‌ను కూడా వెళ్లిన 36 మంది ఖాతాలోనే వేసినా మనిషికి 18, 19 కిలోలే వస్తుంది. నలుగురున్న కారుకంటే అది తక్కువ.

నగరంలోనూ ఇదే తీరు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరు కిలోమీటరుకు 51 గ్రాములు వదిలితే, 4.5 కేఎంపీఎల్ ఇచ్చే సిటీ బస్సు 600 గ్రాములు వదులుతుంది. అందులో పన్నెండు మంది ఎక్కితే స్కూటరు మీద ఒంటరిగా వెళ్లేవాళ్లతో సమానం, ఆ పైన ఎక్కే ప్రతి మనిషీ లాభమే.

అపోహ: కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి ఎలక్ట్రిక్ వాహనం వల్ల ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగ్ నష్టాలతో కలిపి కిలోమీటరుకు 30 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) తీసుకుంటుందనుకుంటే, ఇప్పటి గ్రిడ్‌తోనే 22 గ్రాములు అవుతుంది. పెట్రోలు స్కూటరులో అది సగం కూడా కాదు. మూడు యూనిట్ల సామర్థ్యమున్న బ్యాటరీ తయారీ భారం సుమారు 180 నుంచి 300 కిలోలు. కిలోమీటరుకు దాదాపు 30 గ్రాములు మిగులుతున్నాయి కాబట్టి, ఆరేడు వేల నుంచి పది వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ బాకీ తీరిపోతుంది.

కారు విషయంలో నేను ఇంత ధీమాగా చెప్పను. దాని బ్యాటరీ పది రెట్లకు పైగా పెద్దది, నెలకు రెండుసార్లు బయటికి తీసే ఇంట్లో ఆ బాకీ ఎన్నేళ్లకు తీరుతుందో చెప్పడం కష్టం. హైవే మీద కిలోమీటరుకు 150 వాట్ అవర్లు వాడితే, చార్జింగ్ నష్టాలతో కలిపి విశాఖకు 102 యూనిట్లు కావాలి, అంటే 74 కిలోలు. ఒంటరిగా నడిపితే రైలుకు ఏడు రెట్లు.

ఎలక్ట్రిక్ మోటారు అసలు సత్తా తిరుమల ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. 2022 నుంచి అక్కడ తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులలో, కొండ దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, డీజిల్ బస్సులో బ్రేకుల దగ్గర వేడిగా పోయే శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది.

అపోహ: నేను ఎక్కినా ఎక్కకపోయినా విమానం ఎగురుతుంది.

వాస్తవం: రేపటి విమానానికి ఇది నిజం, వచ్చే సీజను షెడ్యూలుకు నిజం కాదు. సీట్లు నిండే మార్గాలలో సర్వీసులు పెంచుతారు, నిండనివి ఎత్తేస్తారు.

అపోహ: విమానాశ్రయానికి వెళ్లే క్యాబ్‌ను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

వాస్తవం: నగరానికి ఆ చివర ఉన్నవాళ్లకు శంషాబాద్ నలభై కిలోమీటర్ల పైమాటే. అంత దూరం ఒక్కరే పెట్రోలు క్యాబ్‌లో వెళితే 6 కిలోలు దాటుతుంది. రైలులో విశాఖ వరకూ వెళ్లే మనిషి వాటాలో అది సగానికి మించిన మొత్తం. క్యాబ్ ఖాళీగా తిరిగొస్తే రైలు లెక్కను మించిపోతుంది, విమానం ఇంకా నేల మీదే ఉంటుంది.