ఫైర్‌బేస్ బిల్లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే బిల్లు అక్కడితో ఆగిపోతుంది.

గూగుల్ వారి ఫైర్‌బేస్ (యాప్‌కు కావాల్సిన డేటాబేస్ లాంటివి ఇచ్చే సేవ) మీద కొత్తగా యాప్ మొదలుపెట్టే వాళ్ల నోట ఎప్పుడూ ఇదే మాట. ఆగదండీ! అలర్ట్ అంటే ఒక మెయిల్, అంతే. వాడినంతకు డబ్బు కట్టే బ్లేజ్ ప్లాన్‌లో మీరు వెయ్యి రూపాయలకు బడ్జెట్ పెట్టినా, వెయ్యి దాటాక కూడా ఖర్చు పడుతూనే ఉంటుంది. వాడకం లెక్క ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఆ మెయిలూ వెంటనే రాదు. కోటా అయిపోగానే ఆగేది ఉచిత స్పార్క్ ప్లాన్ ఒక్కటే.

డబ్బు ఎక్కడ పోతుందో చూడండి. ఫైర్‌బేస్ డేటాబేస్ అయిన ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 రీడ్లు ఉచితం, ఒక డాక్యుమెంట్ (ఒక రికార్డు) చదివితే ఒక రీడ్. వినడానికి బోలెడు. మొన్న విజయవాడ నుంచి ఒకబ్బాయి తన కిరాణా యాప్ కోడ్ చూపించాడు. హోమ్ స్క్రీన్ తెరవగానే సరుకుల కలెక్షన్ (జాబితా) మొత్తానికి లిజనర్ (డేటా మారగానే యాప్‌కు చేరవేసేది) పెట్టేశాడు. అందులో 500 డాక్యుమెంట్లు. అంటే యాప్ ఒక్కసారి తెరిస్తే 500 రీడ్లు, వందమంది తెరిస్తే ఆ రోజు కోటా సరి. కనెక్షన్ తెగి అరగంట దాటాక మళ్లీ కలిస్తే అన్నీ కొత్తగా చదివినట్టే లెక్క. "అన్నా, కస్టమర్లు పెరుగుతుంటే భయమేస్తోంది" అన్నాడు. పాపం, టెన్షన్‌తో సరిగ్గా నిద్ర కూడా పోవడం లేదు. చేసిన మార్పు చిన్నదే. లిమిట్ 20 పెట్టాం, కిందికి స్క్రోల్ చేస్తేనే తర్వాతి 20 వస్తాయి. రోజుకోసారి మారే ధరలకు లిజనర్ దేనికి? తీసేశాం. ఆర్డర్ స్టేటస్‌కు మాత్రం ఉంచాం.

ఖర్చును నిజంగా ఆపాలంటే బడ్జెట్ నోటిఫికేషన్‌ను గూగుల్ మెసేజ్ సేవ పబ్‌సబ్‌కు పంపి, ఆ మెసేజ్ రాగానే నడిచే ఒక ఫంక్షన్‌తో బిల్లింగ్‌నే తీసేయించాలి. అప్పుడు యాప్ కూడా ఆగిపోతుంది. లెక్క ఆలస్యం కాబట్టి ఈలోపు కొంత ఖర్చు పడే తీరుతుంది.

అపోహ: ఏపీఐ కీ (యాప్ ఫైర్‌బేస్‌ను పిలిచేటప్పుడు ఇచ్చే గుర్తు) కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో కనిపిస్తే కొంప మునిగినట్టే.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ పుకారు చూసి ప్రాజెక్టులే డిలీట్ చేసుకుంటున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఫైర్‌బేస్ కీ ప్రాజెక్టును గుర్తించడానికే, ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) విప్పితే ఎవరికైనా దొరుకుతుంది. డేటాను కాపాడేవి ఎవరు ఏది చదవొచ్చో, రాయొచ్చో చెప్పే సెక్యూరిటీ రూల్స్. వాటిని టెస్ట్ మోడ్‌లో వదిలేస్తే 30 రోజుల పాటు ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు. భయపడాల్సింది దానికి. ఈ రూల్స్‌ను దాటి డేటా మొత్తాన్ని తెరిచే సర్వీస్ అకౌంట్ కీ, ఫైర్‌బేస్ లాంటి మరో సేవైన సుపాబేస్‌లోని సర్వీస్ రోల్ కీ బయటపడితే మాత్రం ఆ నిమిషమే మార్చేయండి.

అపోహ: రీజియన్ (డేటా ఉండే చోటు) తర్వాత మార్చుకోవచ్చు.

ఫైర్‌స్టోర్ డేటాబేస్ సృష్టించాక లొకేషన్ మారదు. యూజర్లు ఇక్కడివాళ్లైతే మొదటే ముంబై ఎంచుకోండి.

అపోహ: ఫైర్‌బేస్ పెద్ద కంపెనీది కాబట్టి మూతపడదు.

ఇలాంటి సేవే అయిన, ఫేస్‌బుక్ 2013లో కొన్న పార్స్ 2017 జనవరిలో మూతపడింది. ఆర్డర్లు, ఇన్వాయిస్‌ల లాంటి డేటా అయితే నేను సుపాబేస్ వైపే మొగ్గుతాను. లోపల ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ కాబట్టి డంప్ (డేటా మొత్తం కాపీ) తీసుకుని వేరేచోటికి వెళ్లొచ్చు. సుపాబేస్ ఉచిత ప్లాన్‌లో వారం రోజులు వాడకపోతే ప్రాజెక్టును పాజ్ చేస్తారు, డెమో ముందురోజు ఒకసారి తెరిచి చూసుకోండి.