టేకు పాఠం, మడ బురద

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డులో కోరంగి మడ అడవి దగ్గర దిగి, పాటు సమయానికి, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళకు, చెక్కవంతెన మీద నిలబడి కిందికి చూడండి. నల్ల మడ శ్వాస వేర్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఇంటర్ బైపీసీ చేసి ఫారెస్ట్రీ చదువుతానన్న పిల్లల్ని అడవి అంటే ఏంటని అడిగితే మాత్రం ముందు టేకు చెట్టే చెబుతారు. ఈ చదువు పుట్టిందే కలప కోసం మరి.

1864లో దేశంలో అటవీ శాఖ ఏర్పడింది. దానికి మొదటి అధిపతి జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్. 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూల్ పెట్టారు. రైలు పట్టాల కింద వేసే దుంగలకు అప్పట్లో అంత గిరాకీ. అడవిని కూపులుగా విడగొట్టి, ఏటా ఒకటి నరికి, అది మళ్ళీ పెరిగేదాకా ఆగడం అప్పటి పద్ధతి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి మన్యంలో పోడునూ కట్టడి చేసింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం నడవడానికి ఆ కడుపుమంట ఒక పెద్ద కారణం.

తూర్పు తీరంలో వంటచెరకు కోసం మడ అడవులనూ ఇదే కూపు పద్ధతిలో నరికారు. టేకు మోడు మళ్ళీ చిగురేస్తుంది. మడ నేల అలా కాదు. నీడ పోయాక ఎండకు బురద ఎండి కుంగుతుంది, నేల పళ్ళెంలా మారుతుంది. పోటుకు వచ్చిన నీళ్ళు పాటుకు తిరిగి పోవు. ఆవిరయ్యాక ఉప్పు మిగులుతుంది, అందులో పడ్డ గింజ బతకదు.

కోరంగి 1978లో అభయారణ్యం అయింది. 1988 జాతీయ అటవీ విధానం ఆదాయం కన్నా పర్యావరణ సమతుల్యతే ముఖ్యమని తేల్చి చెప్పింది. అప్పటికే వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఫారెస్ట్రీ డిగ్రీలు మొదలయ్యాయి. తెలంగాణలో ములుగు (సిద్దిపేట జిల్లా) ఫారెస్ట్రీ కాలేజీ 2016లో వచ్చింది.

నాకు బాగా నచ్చేది 1990ల చివర్లో ఇక్కడ జరిగిన పని. ఎం.ఎస్.స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊళ్ళ జనం కలిసి, చచ్చిపోయిన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా పిల్ల కాలువలు. పోటు నీరు లోపలికొచ్చి, పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోయేది. గట్ల వెంట మడ మొక్కలు నాటారు.

ఫారెస్ట్రీ విద్యార్థులను కనీసం ఒక్క సెమిస్టర్ ఇక్కడికి పంపాలి. ఏ పాయలో నీరు ఎప్పుడు తిరుగుతుందో ఇక్కడ వేటకెళ్ళే మత్స్యకారులు చెబుతారు, వాళ్ళ పడవెక్కి నేర్చుకోవాలి.