కుందేలు గుర్తుంది, కంపెనీయే గుర్తులేదు

కళ్లకు నల్లద్దాలు, కాళ్లకు స్లిప్పర్లు, ముందు పెద్ద డ్రమ్ము. ఆ గులాబీ రంగు బొమ్మ కుందేలు డ్రమ్ము వాయించుకుంటూ టీవీలో ఒక ప్రకటనలోంచి ఇంకో ప్రకటనలోకి నడిచి వెళ్లిపోయేది. ఇదేదో కాఫీ ప్రకటన అనుకుని చూస్తుంటే మధ్యలో దూరేది, అప్పుడు తెలిసేది ఆ కాఫీ అంతా ఉత్తుత్తిదని. 1980ల చివర్లో ఎనర్జైజర్ బ్యాటరీల కోసం తీసిన ఈ ప్రకటనలు అమెరికాలో అందరి నోళ్లలో నానాయి. 1990లో ఒక సర్వే చేస్తే, తమకు బాగా నచ్చిన ప్రకటన ఇదేనన్నవాళ్లలో దాదాపు 40 శాతం మంది దాన్ని డ్యూరాసెల్ ప్రకటన అనుకున్నారట. అంటే పోటీ కంపెనీది!

వాళ్లను అనడానికేం లేదు. బ్యాటరీతో డ్రమ్ము కొట్టే గులాబీ కుందేలును మొదట తెచ్చింది డ్యూరాసెలే, 1973లో. ఎనర్జైజర్ దాన్ని వెక్కిరించడానికి తన కుందేలును దించింది. వెక్కిరింత జనానికి బాగా నచ్చింది. కానీ ఎవరు ఎవరిని వెక్కిరిస్తున్నారన్నది చాలామందికి బుర్రకెక్కలేదు. తర్వాత ఎనర్జైజర్ కుందేలు బొమ్మను బ్యాటరీ ప్యాకెట్ మీద కూడా వేసింది. షాపులో ప్యాకెట్ ముందు నిలబడ్డప్పుడు గుర్తురాకపోతే, ఇంట్లో సోఫాలో ఎంత నవ్వించి ఏం లాభం?

ఇలా కంపెనీలకు గుర్తుగా నిలిచే బొమ్మల గురించి, అంటే మస్కాట్ల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ‘ఎంత ముద్దుగా ఉందో’ అనే దగ్గరే ఆగిపోతాం. నిజానికి ముద్దొచ్చేలా చేయడం అంత కష్టమైన పనేం కాదు. సగం పని మన మెదడే చేసిపెడుతుంది. పెద్ద తల, గుండ్రటి బుగ్గలు, ముఖంలో కాస్త కిందికి ఉండే పెద్ద కళ్లు కనబడితే చాలు, పసిపిల్లను చూసినట్టు మనసు కరుగుతుందని జంతువుల ప్రవర్తనను పరిశోధించిన కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు. అసలు ముఖమే లేకపోయినా మనం ఊరుకోం. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్న ఫిల్మ్ ఒకటి తయారుచేశారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులా తెరుచుకునే గీత ఉన్న ఒక పెట్టె. అంతే. అవి అటూ ఇటూ కదులుతాయి. చూసినవాళ్లను ఏం జరిగిందో రాయమంటే, 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ వాటిని ప్రాణమున్నవాటిలాగే వర్ణించారు. పెద్ద త్రిభుజం రౌడీ అయింది, వృత్తం భయపడి లోపల దాక్కుంది, చిన్న త్రిభుజం దాన్ని కాపాడటానికి వచ్చింది. కళ్లూ ముక్కూ లేని గీతలకే ఇంత కథ అల్లేవాళ్లం, చేతులూ కాళ్లూ ఉన్న బొమ్మ కనబడితే వదులుతామా?

కాబట్టి బొమ్మకు ప్రాణం పోయడం సమస్య కాదు. ఆ ప్రాణాన్ని సరుకుకు ముడివేయడం దగ్గరే అసలు తిప్పలు. ఆ ముడి ఎలా పడాలో మిషెలిన్ టైర్ల మనిషిని చూస్తే తెలుస్తుంది. 1894లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో ఎదూవార్, ఆంద్రే మిషెలిన్ అన్నదమ్ములు పేర్చిన టైర్ల దొంతరను చూశారు. దీనికి చేతులు పెడితే మనిషే కదా అన్నాడు ఎదూవార్. నాలుగేళ్ల తర్వాత, 1898లో, ఓగాలో అనే కలం పేరున్న చిత్రకారుడు పోస్టర్ గీశాడు. టైర్ల మనిషి విందు బల్ల దగ్గర నిలబడి గ్లాసు పైకెత్తుతాడు. గ్లాసులో ఉన్నది మద్యం కాదు, మేకులూ గాజుపెంకులూ. అటూ ఇటూ గాలిపోయి సోలిపోయిన పోటీ టైర్లు. రోడ్డు మీది అడ్డంకులను మా టైరు తాగేస్తుంది అన్నమాట. ఈ బొమ్మలో టైరును తీసేస్తే ఇంకేం మిగలదు, ఒళ్లంతా అదే. ఇంకో కంపెనీ దొంగిలిద్దామన్నా, టైర్ల కంపెనీ తప్ప ఎవరికీ పనికిరాదు. ఇంతకీ ఆయన తెల్లగా ఎందుకుంటాడంటే, అప్పటి టైర్లు లేత రంగులోనే ఉండేవి. గట్టిదనం కోసం రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే మసిలాంటి నల్లపొడి కలపడం మొదలయ్యాక టైర్లు నల్లబడ్డాయి. ఆయన మాత్రం నల్లబడలేదు. చుట్ట మానేశాడు, కాస్త సన్నబడ్డాడు, అంతే.

టైరుకైతే ఒక ఆకారం ఉంది. ఇన్సూరెన్స్‌కు ఏముంది? అఫ్లాక్ అనే అమెరికన్ బీమా కంపెనీ పేరు చాలామందికి నోటికి రాని రోజుల్లో, 2000లో, ఆ పేరునే బాతు అరుపులా అరిపించారు. కంపెనీ పేరు గుర్తురాక మనుషులు తల గోక్కుంటుంటే పక్కన బాతు ‘అఫ్లాక్!’ అని అరుస్తుంది. వాళ్లు పట్టించుకోరు. బాతు వేరు, పేరు వేరు అని విడదీయడానికి వీల్లేకుండా కుట్టేశారు. 2011లో జపాన్ సునామీ మీద జోకులు వేసినందుకు బాతుకు గొంతు ఇచ్చిన నటుణ్ని తీసేశారు, ఇంకో గొంతు వచ్చింది, బాతు మాత్రం అలాగే ఉంది. ఒక హీరోను పెట్టుకుని ఉంటే ఆయనతో పాటు ప్రచారమంతా మూటగట్టేయాల్సి వచ్చేది.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు టాకో బెల్ అనే అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ కుక్కది. 1997లో వచ్చిన ఆ చిన్న చివావా కుక్క అంటే జనం పడి చచ్చారు. దాని బొమ్మలు కూడా బాగా అమ్ముడయ్యాయి. తీరా అసలు అమ్మాల్సిన తిండి అమ్మకాలు పడిపోతుండటంతో 2000లో ఆ ప్రకటనలు ఆపేశారు. కుక్కను ప్రేమించినవాడికి ఆకలి వేయాలని రూలేం లేదు కదా.

ఇక భయపెట్టే మస్కాట్లు. 2004లో బర్గర్ కింగ్ తన మస్కాట్ అయిన రాజుకు పెద్ద ప్లాస్టిక్ ముఖం తగిలించింది. ఒక ప్రకటనలో మనిషి పొద్దున్నే నిద్రలేచేసరికి పక్కలో ఆ రాజు ఉంటాడు, అదే నవ్వుతో. ఒళ్లు మనిషిది, అన్నీ కదులుతాయి, ముఖంలో ఒక్క కండరం కదలదు. బొమ్మ మనిషికి మరీ దగ్గరగా వచ్చి, ఎక్కడో చిన్న తేడా కొడితే ఇష్టం కాస్తా జుగుప్సగా మారుతుందని రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లో చెప్పింది ఇలాంటి వాటికే వర్తిస్తుందనిపిస్తుంది. అచ్చంగా కార్టూన్ అయితే మనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆ రాజు గురించి జనం తెగ మాట్లాడుకున్నారు, నిజమే. 2011లో కంపెనీ మాత్రం ఆయన్ని పక్కనపెట్టి, ప్రకటనల్లో తిండినే చూపించడం మొదలుపెట్టింది.

అన్నీ సరిగ్గా కుదిరితే? అప్పుడూ టెన్షనే. సిగరెట్ కంపెనీ ఆర్.జె. రేనాల్డ్స్ 1988లో అమెరికాలో జో కేమెల్ అనే కార్టూన్ ఒంటెను దించింది. 1991లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 229 మందికి రకరకాల లోగోలు ఇచ్చి, ఏది ఏ వస్తువుదో జతపరచమన్నారు. ఆరేళ్లవాళ్లలో 91 శాతం మంది ఒంటెను సిగరెట్‌తో జతచేశారు. మిక్కీ మౌస్‌ను డిస్నీ చానల్‌తో జతచేసినవాళ్లూ ఇంచుమించు అంతే మంది. ముడి అంటే అలా పడాలి. కానీ పడింది ఇంకా చదవడం కూడా రాని పిల్లల బుర్రల్లో. తాము గురిపెట్టింది పెద్దవాళ్లకేనని కంపెనీ అంటూనే వచ్చింది. కేసులూ ఒత్తిళ్లూ పెరిగాక 1997లో ఒంటెను విరమించుకుంది.

మంచి మాట చెప్పే మస్కాట్ కూడా గీత దాటగలదు. అడవుల్లో నిప్పు పెట్టొద్దని చెప్పడానికి 1944లో అమెరికా ప్రభుత్వ ప్రచారంలోకి వచ్చిన స్మోకీ ఎలుగుబంటి ఇప్పటికీ పనిచేస్తోంది. అడవిలో మంట అంటేనే చెడు అనే అభిప్రాయం తరతరాలుగా జనంలో పాతుకుపోవడంలో దాని పాత్ర చిన్నది కాదు. చిక్కేమిటంటే, కొన్ని అడవులకు అప్పుడప్పుడూ చిన్న మంటలు కావాలి. ప్రతి మంటనూ ఆర్పేస్తూ పోతే ఎండు పుల్లలూ పొదలూ పేరుకుపోయి, ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. ఇలా మంటలన్నీ ఆర్పేయడం వల్ల వచ్చే తిప్పలకు శాస్త్రవేత్తలు ఏకంగా ‘స్మోకీ బేర్ ప్రభావం’ అని పేరుపెట్టారు. అటవీ అధికారులే పనిగట్టుకుని పెట్టే మంటల మీద కూడా జనం అనుమానపడతారు. 2001లో ఎలుగుబంటి నినాదంలో ‘అడవి మంటలు’ తీసేసి ‘అదుపు తప్పిన మంటలు’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. పాత నినాదం దానికి యాభై ఏళ్లు ముందే జనానికి కంఠస్థం అయిపోయింది.