సిమ్యులేషన్ అంటే బొమ్మలాట కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో మెడికల్ విద్యార్థులకు ఎమర్జెన్సీ పాఠాలు చెబుతుంటాను. సిమ్యులేషన్ క్లాసు (బొమ్మల మీదో, పేషెంట్లుగా నటించేవాళ్ల మీదో ఎమర్జెన్సీని ముందే సాధన చేయడం) అనగానే తల్లిదండ్రులే కాదు, తోటి డాక్టర్లూ అడిగే ప్రశ్నలివి.

అపోహ: ఖరీదైన బొమ్మలు లేకపోతే కుదరదు.

వాస్తవం: గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌కి బొమ్మ కావాలి. ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం చేతికి అలవాటు కావాలి కదా. విపత్తు ట్రయాజ్‌కి, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే పనికి మాత్రం ఖాళీ వరండా, ఎర్రరంగు నీళ్లు, పేషెంట్లుగా నటిస్తూ మెడలో లక్షణాలు రాసిన చీటీలు వేసుకున్న ఇరవైమంది జూనియర్లు చాలు.

అపోహ: ఎక్కువ అరిచేవాళ్లనే ముందు చూడాలి.

వాస్తవం: దాదాపు ప్రతి బ్యాచూ ఇక్కడే పడిపోతుంది. కాలు విరిగి కేకలు పెడుతున్న 'పేషెంట్' చుట్టూ ఆరుగురు మూగుతారు. గోడవారగా మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయి చీటీలో శ్వాస నిమిషానికి 36 అని ఉంటుంది. స్టార్ట్ అనే ట్రయాజ్ పద్ధతిలో శ్వాస 30 దాటితే ఎర్ర ట్యాగ్, అంటే వెంటనే చూడాల్సిన పేషెంట్. గోరు నొక్కి వదిలాక రంగు రావడానికి 2 సెకన్లు దాటినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపే. ఆ అమ్మాయిని ఎవరూ చూడలేదని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు మారిపోతాయి. ఆ తప్పు వరండాలోనే జరిగినందుకు నాకెంతో ఊరట.

అపోహ: క్యాజువాలిటీలో పడితే అన్నీ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: గుండె ఆగిన పేషెంట్ వస్తే సీనియర్లు ముందుకెళ్తారు, హౌస్‌సర్జన్ వెనకాల నిలబడతాడు. చూడటం వేరు, చేయడం వేరు. అలాగని బొమ్మ దగ్గర నేర్చుకుంటే వార్డు అక్కర్లేదనీ కాదు.

అపోహ: సీన్ అయిపోతే క్లాసు అయిపోయినట్టే.

వాస్తవం: అసలు క్లాసు అప్పుడే మొదలవుతుంది. పది నిమిషాల సీన్‌కి అరగంట చర్చ పెడతాను. "అడ్రినలిన్ ఇవ్వండి" అని ఒకరు గాల్లోకి అంటారు, నలుగురూ వింటారు, ఎవరూ ఇవ్వరు. పేరు పెట్టి పిలవాలి, డోసు చెప్పాలి, విన్నవాళ్లు "ఒక మిల్లీగ్రాము ఇచ్చాను" అని తిరిగి చెప్పాలి. ఎవరినీ తిట్టకుండా, ఆ క్షణంలో ఏమనుకున్నారో అడిగితే పిల్లలే ఇదంతా బయటపెడతారు.

అపోహ: మన ఊళ్లో ఇంత అవసరమా?

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అందుకే ఇప్పుడు కరెంటు పోయింది, లిఫ్ట్ ఆగింది అనుకుని సీన్ రాస్తున్నాను. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ, టార్చి వెలుగులో మెట్ల మీదుగా పై అంతస్తుకి చేర్చాలి. బ్యాగ్ నొక్కేవాళ్లు ఎవరు, స్ట్రెచర్ మలుపు తిరిగేటప్పుడు గొంతులోని శ్వాస ట్యూబు పట్టుకునేవాళ్లు ఎవరు అన్నది మొదటి మెట్టు ఎక్కకముందే తేల్చుకోమంటున్నాను.