ములాఖత్ కిటికీకి ఇవతల

జైలుకి మన భాషలో రెండు ముద్దుపేర్లున్నాయి: అత్తారిల్లు, శ్రీకృష్ణ జన్మస్థానం. ఆ మాటలనుకుని తేలిగ్గా నవ్వేస్తాం. జైల్లో ఉన్న మనిషికి మనసిచ్చిన ఆడపిల్ల ఎదురైతే మాత్రం మన ముఖాలు మారిపోతాయి. “దీనికేటి పోయేకాలం?” అనేస్తాం.

కొన్నేళ్ళ కిందట నేనూ అలాగే అనుకున్నాను. మా వైపు ఒక కోర్టు ఆవరణలో, వేపచెట్టు కింద, పాతికేళ్ళు నిండని అమ్మాయి ఇడ్లీ పొట్లం పట్టుకుని జైలు వ్యాను కోసం చూస్తోంది. వేడి చల్లారకుండా పొట్లాన్ని చున్నీ కొంగులో చుట్టుకుంది. మాటల్లో పెడితే చెప్పింది. ఏదో కొట్లాట కేసులో వాళ్ళన్న రిమాండుకెళ్తే ములాఖత్‌కి వెళ్ళేది. అదే బ్యారక్‌లో ఉండే ఒక కుర్రాడి తల్లి కూడా వచ్చేది. ఆధార్ జెరాక్స్ ఎక్కడివ్వాలో, పేరెలా రాయించాలో ఆ ముసలామెకి తెలీకపోతే ఈ పిల్లే దగ్గరుండి చూసుకునేది. అలా పక్క కిటికీలోని కుర్రాడితో పరిచయమైంది. అన్నకి బెయిలొచ్చి ఇంటికొచ్చేశాడు. ఈమె మాత్రం వెళ్ళడం మానలేదు.

“ఇంటికాడ నా మాట ఎవలింటారండీ? ఆడింటాడు. పైవారం నానేటి సెప్పానో మళ్ళీవారం గుర్తెట్టుకుని అడుగుతాడు” అంది.

ఖైదీలని ప్రేమించడం గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను. ఆ పిల్ల చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పినట్టు నాకనిపించలేదు.

శ్రీకాకుళం జిల్లా జైలు గార మండలం అంపోలులో ఉంది. అదే మండలంలో, వంశధార ఒడ్డున, శాలిహుండం కొండ. ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. అక్కడి భిక్షువులకు బహుశా తెలిసి ఉండే ఒక కథ ఉంది. తొలినాటి భిక్షుణుల పాటలను థేరీగాథలంటారు, వాటి వ్యాఖ్యానంలో వస్తుంది. రాజగృహంలో ఒక ధనవంతుడి కూతురు భద్ద. పురోహితుడి కొడుకు సత్తుకుడు దొంగతనాలు చేసి పట్టుబడితే, భటులు అతన్ని చంపడానికి వీధి వెంట తీసుకుపోతున్నారు. భద్ద మేడమీది కిటికీలోంచి చూసింది. అతను దక్కకపోతే చచ్చిపోతానని మంచమెక్కింది. తండ్రి భటులకు లంచమిచ్చి దొంగని విడిపించి, పన్నీటి స్నానం చేయించి, కూతురికిచ్చాడు. కొన్నాళ్ళకే వాడి కన్ను ఆమె నగల మీద పడింది. మొక్కు తీర్చాలని చెప్పి దొంగలను తోసేసే కొండచరియ మీదికి తీసుకెళ్ళి, నగలు వలిచిమ్మన్నాడు. చంపడానికే తెచ్చాడని భద్దకి అర్థమైంది. ఆఖరిసారి కౌగిలించుకోనిమ్మని అడిగి, వెనక నుంచి ఒక్క తోపు తోసింది.

ఆమె మళ్ళీ పుట్టింటికి పోలేదు. మొదట జైన సన్యాసినుల్లో చేరింది. వాళ్ళు పీకేసిన జుట్టు ఉంగరాలు తిరిగి మొలిచిందట, అందుకే కుండలకేశ అని పేరొచ్చింది. ఊరూరా పండితులతో వాదానికి దిగుతూ చివరికి బుద్ధుడి శిష్యుడు సారిపుత్తుడి దగ్గర ఓడి, బుద్ధుడి సంఘంలో చేరింది. నన్ను ఈ కథలో పట్టి ఆపేది ఆ కిటికీ. ఆమె చూసిందల్లా చావుకి నడిచిపోతున్న ఒక మనిషిని, అదీ కాసేపు. మిగతా మనిషిని ఆమే తయారుచేసుకుంది. అయినా ఈ కథ చెప్పినవాళ్ళు ఆమెని పిచ్చిదనలేదు. తర్వాత అంత తెలివిగలదైంది కూడా ఆమేనని చెప్పారు.

మన భాగవతంలో ఉషది ఇంకో తీరు. కలలో చూసిన అనిరుద్ధుణ్ణి చెలికత్తె చేత తెప్పించుకుంది. తండ్రి బాణాసురుడు అతన్ని నాగపాశాలతో కట్టి బంధిస్తే ఉష ప్రేమ తగ్గలేదు. ఆ ఖైదీకి తప్పు అంటగట్టే ఊసు మనకి రాదు, తప్పంతా కట్టేసినవాడిదే.

పడమటి దేశాల్లో ఈ సంగతి పత్రికలకెక్కి వందేళ్ళు దాటింది. 1895లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు యువతుల హత్య కేసు నడుస్తుంటే, ఒక స్త్రీ ముద్దాయి కోసం రోజూ కోర్టుకి పూలు తెచ్చేదని పత్రికలు రాశాయి. అమెరికాలో వరస హత్యలు చేసిన టెడ్ బండీ 1980లో ఫ్లోరిడాలో తన హత్య కేసు విచారణ జరుగుతుండగా, కోర్టు హాల్లోనే ఒకామెని పెళ్ళి చేసుకున్నాడు. వరస హత్యలకి పేరుమోసిన చార్లెస్ శోభరాజ్ కాఠ్మండూ జైల్లో ఉండగా 2008లో ఇరవై ఏళ్ళ అమ్మాయితో నిశ్చితార్థం వార్తలకెక్కింది. అప్పటికి అతనికి అరవై దాటాయి. మన దేశంలోనే 1959 నాటి నానావతి కేసులో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన ఆ నేవీ అధికారికి అమ్మాయిలు లిప్‌స్టిక్ ముద్దులద్దిన నోట్లు విసిరేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

దీనికి జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘హైబ్రిస్టోఫీలియా’ అని పేరు పెట్టాడు. ఘోరం చేసినవాడి మీదే ఆకర్షణ కలగడం అని దాని అర్థం. ఆ మాట బండీ వెంటపడ్డవాళ్ళకి సరిపోతుందేమో. ఇడ్లీ పొట్లం పట్టుకున్న పిల్లకి సరిపోదు. ఇటువంటి పెద్ద పేరు తగిలించి మనం ఆమె గురించి ఆలోచించడం మానేస్తున్నామని నా బాధ.

షీలా ఐసెన్‌బర్గ్ అనే అమెరికన్ జర్నలిస్టు పని నాకు ఇంకా దగ్గరగా తోచింది. హంతకులను ప్రేమించిన స్త్రీలతో మాట్లాడి 1991లో ఆమె పుస్తకం తెచ్చారు. ఆ స్త్రీలలో చాలామంది తండ్రి చేతుల్లోనో, మొదటి మొగుడి చేతుల్లోనో హింస పడ్డవాళ్ళే. జైల్లో ఉన్నవాడు చెయ్యెత్తలేడు. ఇదేమీ అమెరికాకే చెందిన సంగతి కాదు. ములాఖత్‌లో మగవాడు తాగి రాడు. కూలి డబ్బులేం చేశావని నిలదీయడు. వారమంతా ఆ కాసేపటి కోసమే చూసి, ఉన్నంతలో శుభ్రమైన చొక్కా వేసుకుని వస్తాడు. జాలీకి అటూ ఇటూ పదిమంది ఒకేసారి అరుస్తుంటే, ఆమె మాట వినడానికి చెవి రిక్కించి నిలబడతాడు. బయట ఏ మగవాడు తనకోసం అలా చెవి రిక్కించాడని ఆమె అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి కదా.

అపాయం లేదని నేననను. కిటికీ ఎంత చూపిస్తే అంతే కనిపిస్తుంది. బెయిలొచ్చి బయటపడ్డాక అదే మనిషి ముఖం చాటేస్తే, లాయరు ఫీజుకని తాకట్టు పెట్టిన గొలుసు గురించి అడిగే దిక్కు ఆమెకి ఉండదు. కుండలకేశకి కొండచరియ మీద తెలిసింది ఈమెకి ఇంట్లో తెలుస్తుంది.

మన ఉత్తరాంధ్రలో జైలంటే నేరం ఒక్కటే కాదన్న సంగతి కూడా చూడాలి. ఉప్పు సత్యాగ్రహం నుంచి క్విట్ ఇండియా దాకా పలుమార్లు జైలుకెళ్ళిన గౌతు లచ్చన్నది ఈ నేలే. 1967 తర్వాత గిరిజన పోరాటం నడిచిన రోజుల్లో, నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో, ఎందరో జైళ్ళ పాలయ్యారు. ఉరిశిక్ష పడ్డా క్షమాభిక్ష అడగనన్న నాగభూషణ్ పట్నాయక్ పేరు పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. ఆ ఇళ్ళల్లో జైలుకెళ్ళినవాడి కోసం ఎదురుచూడటాన్ని ఎవరూ తలవంపు అనుకోలేదు.

సముద్రం ఒడ్డున ఇంకో రకం ఎదురుచూపు. పొట్టకూటికి గుజరాత్ వెళ్ళి చేపలు పడుతున్న మన జాలర్లను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. పదమూడు నెలల పైనే! ఇక్కడి ఆడవాళ్ళు కరాచీ జైల్లో ఉన్నవాళ్ళ కోసం గుండె చిక్కబట్టుకుని బతికారు. వాళ్ళకి ములాఖత్ కిటికీ కూడా లేదు. వాళ్ళని చూసి కంటతడి పెట్టిన ఊరే, వేపచెట్టు కింద పిల్లని చూసి మూతి తిప్పుకుంటుంది.

మన దేశపు జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే ఏ కోర్టూ వాళ్ళని ఇంకా దోషులనలేదు. “ఆడు సెయ్యలేదండీ” అని ఆ పిల్ల నమ్మితే అది ఒట్టి అమాయకత్వమని కొట్టెయ్యలేం. ఖైదీల్లో ఆడవాళ్ళు నూటికి నలుగురు, కాబట్టి ములాఖత్ క్యూలో ఎవరుంటారో వేరే చెప్పక్కర్లేదు. తల్లులు, భార్యలు, చెల్లెళ్ళు. వాళ్ళ మధ్యలో ఎక్కడో, రిజిస్టరులో ‘బంధుత్వం’ దగ్గర ఏం రాయించాలో తోచక ఆగిపోయే ఒక అమ్మాయి.

బ్రిటన్‌లో 1983 నాటి వివాహ చట్టం జైల్లోనే పెళ్ళికి వీలిచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఖైదీకీ పెళ్ళి హక్కు ఉందంది. మన దగ్గర ఆ దారి పెరోల్‌తో తెరుచుకుంటోంది. 2023లో కర్ణాటక హైకోర్టు ముందుకి హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడ్డవాడి తల్లి, అతన్ని ప్రేమించిన అమ్మాయి కలిసి వచ్చారు. ఇప్పుడు వదలకపోతే ఇంట్లోవాళ్ళు తనకి వేరే పెళ్ళి చేసేస్తారని అమ్మాయి చెప్పుకుంది. కోర్టు పెళ్ళి కోసం అతనికి 15 రోజుల పెరోల్ ఇచ్చింది. కోడలు కాబోయే పిల్ల పక్కన అత్త నిలబడటం నాకు చాలా ముచ్చటేసింది.

ఆవేళ వ్యాను పదకొండు దాటాక వచ్చింది. కిటికీ జాలీకి లోపల నాలుగైదు ముఖాలు. ఎస్కార్ట్ కానిస్టేబులు పొట్లం విప్పి చూసి, లోపలికి అందించాడు. ఆ అబ్బాయి తినలేదు, పొట్లం ఒళ్ళో పెట్టుకుని జాలీకి చెవి ఆనించాడు. ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఇప్పుడు రిమాండు పొడిగింపులు చాలావరకు వీడియోలోనే జరిగిపోతున్నాయి. మొన్న అదే కోర్టుకి వెళ్తే వేపచెట్టు కింద బైకులు పెట్టి ఉన్నాయి.