లివర్ జబ్బులో కండ ఎందుకు కరిగిపోతుంది?

లివర్ జబ్బని తెలియగానే మన ఇళ్లలో మొదలయ్యేది పథ్యం. పప్పు వద్దు, గుడ్డు వద్దు, చేప ఊసే వద్దు. చప్పిడి మజ్జిగన్నం పెట్టి పెందలాడే పడుకోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ముదిరిన మనిషిని ఈ పథ్యం లోపల్నుంచి తినేస్తుంది.

విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం, పాడేరు వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. సిర్రోసిస్ ముదిరినవాళ్లని చూస్తే పొట్ట నిండుగా ఉంటుంది, చొక్కా మాత్రం భుజాల మీద వేలాడుతుంటుంది. కణతల దగ్గర గుంటలు పడతాయి. చేతి గడియారం మణికట్టు దాటి జారుతుంది. తూకం వేస్తే బరువు తగ్గినట్టే ఉండదు, ఎందుకంటే పొట్టలో చేరిన నీరు కరిగిన కండను కప్పేస్తుంది. అందుకే తూకం కన్నా చేతి పట్టు, కుర్చీలోంచి లేచే తీరు ఎక్కువ నిజం చెబుతాయి.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా దాచుకుని, రాత్రంతా కొద్దికొద్దిగా గ్లూకోజ్ వదులుతుంది. సిర్రోసిస్‌లో మచ్చకట్టిన కాలేయానికి ఆ నిల్వ చాలదు. తెల్లారేలోపే అది అయిపోతుంది. కొవ్వు ఉంది కదా అనుకోవచ్చు. కానీ మన ఒంట్లో కొవ్వు ఆమ్లాలు గ్లూకోజ్‌గా మారవు, మెదడుకేమో గ్లూకోజ్ కావాలి. ఇక మిగిలింది కండ. అందులోని అమైనో ఆమ్లాలను లాగి గ్లూకోజ్ తయారుచేస్తుంది శరీరం, వంటచెరకు లేక ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టినట్టు.

1983లో అమెరికాలో, తాగుడు వల్ల సిర్రోసిస్ వచ్చినవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. ఒక్క రాత్రి ఏమీ తినకపోతే వాళ్ల శక్తిలో సుమారు 70 శాతం కొవ్వు నుంచే వస్తోంది. ఆరోగ్యవంతుల్లో అది 40 శాతం. గ్లూకోజ్ నిల్వ అడుగంటి, మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే వచ్చే స్థితి వీళ్లకు ఒక్క రాత్రికే వచ్చేస్తోందన్నమాట. రాత్రి ఏడున్నరకి తిని మర్నాడు ఎనిమిదిన్నరకి టిఫిన్ చేస్తే మధ్యలో 13 గంటలు. ఏడాది పొడుగునా రోజూ ఇదే జరిగితే కండ ఏం మిగులుతుంది?

న్యూజిలాండ్‌లో 2008లో వెలువడిన పరిశోధన నాకు చాలా నచ్చింది. తాగే పోషకాహారం ఒకే రకం, అవే 710 కేలరీలు, కొందరికి పగలు, కొందరికి పడుకునే ముందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి రాత్రి తాగినవాళ్లలో దాదాపు రెండు కిలోల కండకు సరిపడా ప్రోటీన్ చేరింది. పగలు తాగినవాళ్లలో అంత లాభం కనిపించలేదు.

ఇక ప్రోటీన్ భయం. ప్రోటీన్ విరిగినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం శుద్ధి చేయలేక, అది మెదడుకు చేరితే మనిషి తికమకపడతాడు, పగలు నిద్ర, రాత్రి మెలకువ. అందుకని ఒకప్పుడు డాక్టర్లే ప్రోటీన్ తగ్గించమనేవారు. కానీ ఆ అమ్మోనియాను పట్టి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చే రెండో చోటు కండే. అది కరిగితే అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. పెరిగిన అమ్మోనియా కొత్త కండ పుట్టకుండా అడ్డుపడుతుంది. 2004లో స్పెయిన్‌లో ప్రోటీన్ తగ్గించి చూస్తే మెదడు స్థితిలో లాభమేమీ రాలేదు, ఒంటి ప్రోటీన్ మాత్రం ఎక్కువగా విరిగిపోయింది.

ఇప్పటి సలహా కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. నీరు తీసేసి చూస్తే 60 కిలోలున్న మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో ఇరవై దాకా ఉంటుంది. పప్పు, పాలు, పెరుగు ఇంకా బాగా ఒంటబడతాయి. ఎండుచేపలు, ఆవకాయ మాత్రం ఉప్పు వల్ల పొట్టలో నీటిని పెంచుతాయి. పడుకునే ముందు మూడు ఇడ్లీలు, గ్లాసు పాలు చాలు. చోడి (రాగి) అంబలి అలవాటుంటే అదీ మంచిదే. షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టర్‌ని అడగాలి.

ఒక్కటి మాత్రం మరీ మరీ చెప్పాలనిపిస్తుంది. పరగడుపున స్కానింగ్ అంటే రాత్రి బస్సెక్కి, ఏమీ తినకుండా విశాఖ వచ్చి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుంటారు. ముందే పొద్దున్న మొదటి నంబరు అడగండి. ఎన్ని గంటలు ఏమీ తినకూడదో కనుక్కుని, అప్పటిదాకా తినిపించండి. టిఫిన్ డబ్బా వెంట తెచ్చుకుని, టెస్ట్ గది బయటికి రాగానే చేతికివ్వండి.