కొబ్బరిచెట్టు తలకు నీళ్ళు ఎలా ఎక్కుతాయి?

పిల్లలూ,

ఆశీస్సులు. బావి ఒడ్డున పెట్టిన మోటారు నీళ్ళను 10 మీటర్ల లోతు నుంచి పైకి పీల్చలేదు. నిజానికి 7, 8 మీటర్లకే మొరాయిస్తుంది. గాలి పీడనం నీటిని అంతకన్నా ఎత్తుకు నెట్టలేదు. అందుకే లోతు బోర్లలో మోటారునే కిందికి దించుతారు. మరి కోనసీమలో 20 మీటర్ల కొబ్బరిచెట్టుకు మోటారేదీ?

ఆకులే. ఆకు అడుగున ఉండే సన్నని పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లోటు పూడ్చడానికి వెనకున్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి, వేరు దాకా దారునాళాల్లో, అంటే నీటిని మోసే సన్నని గొట్టాల్లో, ఉన్న నీరంతా తెగకుండా పైకి కదులుతుంది. ఐర్లండులోని డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు 1894లో ఈ వివరణ ఇచ్చారు. వేర్లు తీసుకున్న నీటిలో నూటికి 90 వంతులకు పైగా ఇలా ఆవిరిగానే పోతుంది.

వేర్లు కింది నుంచి నెట్టవా? నెడతాయి, కొద్దిగా. తెల్లవారుజామున వరి ఆకు కొసన నిలిచే నీటిబొట్టు చాలాసార్లు మంచు కాదు, వేరు నెట్టిన నీరే. చెట్టు తలదాకా ఎక్కించడానికి ఆ బలం చాలదు.

పైనుంచి లాగే నీటికి పెద్ద గండం గాలిబుడగ. కాడ కోయగానే నాళంలోని నీరు లోపలికి జారి, కోసిన చోట గాలి దూరుతుంది. ఆ నాళం ఇక పనిచేయదు. కూజా నిండా నీళ్ళున్నా పువ్వు తల వాల్చేయడానికి ఇదొక కారణం. నిలవనీటిలో పెరిగే బ్యాక్టీరియా నాళాలను పూడ్చేయడం ఇంకొకటి, కాబట్టి రోజూ నీళ్ళు మార్చాలి.

మీరే చేసి చూడండి. ఆకులున్న తెల్ల చామంతి కాడలు రెండు తీసుకోండి. తొట్టి నీళ్ళలో ముంచి ఉంచి, కింది కొసలు 3 సెంటీమీటర్ల మేర ఏటవాలుగా కోయాలి. పదునైన బ్లేడుతో పెద్దవాళ్ళే కోయాలి, మొద్దు కత్తెర నాళాలను నలిపేస్తుంది. ఒక కాడకు ఆకులన్నీ తుంచేయండి. అర గ్లాసు నీళ్ళలో అర చెంచా ఎర్రని మిఠాయి రంగు కలిపి, రెండింటినీ వెంటనే అందులో పెట్టి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. రెండు మూడు గంటలాగి ఒక్కో కాడను అడ్డంగా కోస్తూ పోతే, వలయంలా ఎర్రచుక్కలు కనిపిస్తాయి. అవే దారునాళాల కట్టలు. ఆకులున్న కాడలోనే రంగు ఎక్కువ ఎత్తుకు చేరి ఉంటుంది.

ఇంట్లో మిరప నారు నాటేటప్పుడు కూడా ఇది అక్కరకొస్తుంది. పీకినప్పుడు నీరు పీల్చే మూలకేశాలు తెగిపోతాయి, ఆకులు మాత్రం లాగుతూనే ఉంటాయి. అందుకని వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా, ఎండ తగ్గాక సాయంత్రం నాటి, వెంటనే నీళ్ళు పోయండి.

మీ తాతయ్య